క్విన్స్ బోన్సాయ్ పూయడం లేదు, పిలకలు ఆగడం లేదు: ఎప్పుడు కత్తిరించాలి, ఎక్కడ కత్తిరించాలి?

ముందు మీ ప్రశ్న నాకు ఎలా అర్థమైందో చెబుతాను. ఫ్లవరింగ్ క్విన్స్, అంటే వసంతంలో పూసే ముళ్ల పొద, తెచ్చి మూడేళ్లయింది. తెచ్చిన ఏడాది నిండుగా పూసింది. తర్వాత బోన్సాయ్ తొట్టిలోకి మార్చి, ఆకారం చెదరకూడదని రెమ్మ కాస్త బయటికి వచ్చినప్పుడల్లా కత్తిరిస్తూ వచ్చారు. ఇప్పుడు ఏడాదికి రెండు మూడు పూలు రావడమే గగనంగా ఉంది. దానికి తోడు మొదట్లోంచి పిలకలు పుట్టుకొస్తూనే ఉన్నాయి, మీకేమో ఫొటోల్లో చూసినట్టు ఒకే మాను ఉన్న చెట్టు కావాలి.

సూటిగా చెప్పాలంటే పూలు రాకపోవడానికి మొదటి కారణం మీరు తరచుగా కత్తిరించడమే. ఈ మొక్కకు ఏడాదిలో రెండు కత్తిరింపులు చాలు. పూలు రాలిపోగానే ఒకటి, ఆకులన్నీ రాలి పూమొగ్గలు కంటికి కనబడుతున్నప్పుడు ఇంకొకటి. మధ్యలో రెమ్మలు ఎంత అడ్డదిడ్డంగా పెరిగినా ఓపిక పట్టాలి. ఇక ఒకే మాను సంగతి అంటారా, చేయొచ్చు, కానీ ప్రతి ఏడూ మొక్క స్వభావానికి ఎదురీదుతూ ఉండాలి. నేనైతే మీ మొక్కను అయిదు కాండాల గుబురుగా పెంచమంటాను.

నేను 18 ఏళ్లుగా క్విన్స్ పెంచుతున్నాను, ఇప్పుడు నా దగ్గర తొమ్మిది మొక్కలున్నాయి. కింద రాసేది వాటి దగ్గర నేర్చుకున్నదే. నెలల పేర్లు చెప్పను, వాతావరణాన్ని బట్టి అవి మారిపోతాయి. మొక్క ఏ దశలో ఉందో చెబుతాను, మీరు మొక్కను చూసి పోల్చుకోండి.

పూమొగ్గ ఎక్కడ కడుతుందో ముందు తెలుసుకోవాలి. క్విన్స్‌లో రెండు రకాల రెమ్మలుంటాయి. ఒకటి పొడుగు రెమ్మ, వారాల్లో జానెడు పెరుగుతుంది, కణుపుల మధ్య దూరం ఎక్కువ, ప్రతి ఆకు మొదట్లో మూత్రపిండం ఆకారంలో ఇంకో చిన్న ఆకులాంటిది అంటుకుని ఉంటుంది. రెండోది పొట్టి రెమ్మ, సెంటీమీటరో రెండు సెంటీమీటర్లో ఉండి ఆకులన్నీ ఒకేచోట గుత్తిగా కనబడతాయి. పూలు ఎక్కువగా వచ్చేది ఈ పొట్టి రెమ్మల మీద, తర్వాత పొడుగు రెమ్మల అడుగు భాగంలో ఉన్న కణుపుల దగ్గర. ఈ ఏడాది చిగురు మీద ఈ ఏడాదే పూలు పూయడం మామూలు రకాల్లో అరుదు. పాత కొమ్మ మీదే పూస్తుంది, అదీ వచ్చే వసంతానికి. ఆ మొగ్గలు మాత్రం పెరుగుదల కాలం రెండో సగంలోనే, ఆకులు ఇంకా పచ్చగా ఉన్నప్పుడే లోపల తయారైపోతాయి.

ఇప్పుడు మీరు చేస్తున్నది చూడండి. రెమ్మ చివర తుంచిన ప్రతిసారీ దాని కింద నిద్రపోతున్న మొగ్గలు లేచి కొత్త పొడుగు రెమ్మలు వేస్తాయి. పూమొగ్గగా మారాల్సిన కణుపు కాస్తా రెమ్మ అయిపోతుంది. దాన్ని మళ్లీ తుంచుతారు, దాని కింది కణుపు లేస్తుంది. ఇలా మొక్క ఏడాదంతా ఆకులు వేసుకోవడంతోనే సరిపెట్టుకుంటుంది. నా నారింజ రంగు పూల మొక్క విషయంలో నేనూ ఇదే తప్పు రెండేళ్లు చేశాను. చూడ్డానికి గుండ్రంగా, ముద్దుగా ఉండేది, పూలు మాత్రం సున్నా. మూడో ఏడు పూలకాలం అయ్యాక ఒకసారి కత్తిరించి వదిలేశాను, పిచ్చిగా పెరిగింది. ఆకులు రాలాక చూస్తే ప్రతి రెమ్మ మొదట్లో గుండ్రటి మొగ్గలు గుత్తులుగా ఉన్నాయి. ఆ వసంతంలో 60కి పైగా పూలు లెక్కపెట్టాను.

ఇక కత్తిరింపు ఎలాగంటే:

పూలు రాలి, ఆకులు విచ్చుకుంటున్నప్పుడు పోయిన ఏటి రెమ్మలను ఒకటి రెండు కణుపులకు కుదించండి. చిన్న కొమ్మలు దగ్గర దగ్గరగా రావడానికి పనికొచ్చే కత్తిరింపు ఇదే. చివరి కణుపు మొగ్గ ఏ వైపు చూస్తోందో ఆ వైపుకే కొత్త రెమ్మ వెళ్తుంది కాబట్టి బయటికి చూసే మొగ్గ పైన కోయండి. వాడిన పూలను కూడా అప్పుడే గిల్లేయండి, కాయ పడకుండా. కాయలు పసుపుపచ్చగా, మంచి వాసనతో ఉంటాయి, చూడముచ్చటే, కానీ చిన్న తొట్టిలో మొక్క బలాన్ని బాగా లాగేస్తాయి. బలంగా ఉన్న మొక్క మీద ఒక్క కాయ ఉంచుకోండి, మీ మొక్క మీద మాత్రం ఈ రెండేళ్లూ వద్దు.

తర్వాత వదిలేయండి. రెమ్మలు కింద నుంచి గోధుమ రంగుకు తిరిగి గట్టిపడుతున్నప్పుడు, మిగతావాటిని నీడలో పడేసేంత పొడుగు పోయిన రెమ్మలుంటే వాటి కొనలు మాత్రం ఒక్కసారి తగ్గించవచ్చు. ఆ దశ దాటాక ఆకులు రాలేదాకా కత్తెర ముట్టుకోవద్దు.

ఆకులు రాలాక అసలు సంబరం. ఆకు మొగ్గ చిన్నగా, సన్నగా, కొమ్మకు అతుక్కుని ఉంటుంది. పూమొగ్గ లావుగా, గుండ్రంగా, ఎక్కువగా రెండు మూడు కలిసి ఉంటుంది. మొదటిసారి తేడా పట్టుకోలేకపోతే తొందరపడకండి, చలికాలం గడిచేకొద్దీ పూమొగ్గలు ఉబ్బుతాయి, అప్పుడు ఎవరికైనా తెలిసిపోతుంది. అప్పుడు పొడుగు రెమ్మలను ఆఖరి పూమొగ్గ దాటాక ఒక ఆకు మొగ్గ ఉంచి కోసేయండి. ఆ ఆకు మొగ్గ ఎందుకంటే, కోసిన చోట కొమ్మ కొద్దిగా వెనక్కి ఎండే అలవాటు దీనికుంది. పూమొగ్గకు ఆనించి కోస్తే పువ్వు విచ్చేలోపే కొమ్మ ఎండిపోవచ్చు.

ముళ్ల గురించి ఒక మాట. చేతులు గీరుకుపోతున్నాయని ముళ్లన్నీ మొదలంటా కోసేస్తుంటారు. ఈ మొక్కలో ముల్లు అంటే కురచబడిన కొమ్మే, చాలాసార్లు దాని మొదట్లోనే పూమొగ్గలుంటాయి. కొన మాత్రం తుంచండి చాలు.

ఇప్పుడు పిలకలు. చాలా చెట్లలో బలం పైకి పోతుంది, కొన బలంగా, అడుగు కొమ్మలు నీరసంగా ఉంటాయి. క్విన్స్‌లో ఇది తలకిందులు. ఇది చెట్టు కాదు, పొద. దీని బలమంతా వేరు దగ్గర ఉంటుంది, ప్రతి ఏడూ మొదట్లోంచి కొత్త కాండాలు పంపుతూ పాతవాటిని నెమ్మదిగా వదిలేస్తుంది. అందుకే పిలకలను పట్టించుకోకపోతే మీరు కష్టపడి తయారు చేసుకున్న పై కొమ్మలు ఏడాదికేడాది పలచబడి ఎండిపోతాయి. అలాగని ప్రతి పిలకనూ తీసేస్తూ పోతే ఆ ఒక్క మాను లావెక్కడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది, ఎందుకంటే మొదలు లావయ్యేది ముఖ్యంగా ఆ పిలకల వల్లే.

కాబట్టి ఎంచుకోవాలి. ఏటా ఆకులు విచ్చుకున్నాక మొదలు దగ్గర మట్టి ఒక వేలి మందం తీసి చూడండి. అక్కర్లేని పిలక లేతగా ఉన్నప్పుడే వేళ్లతో పట్టుకుని కిందికి లాగి ఒలిచేయండి. కత్తెరతో కోస్తే దాని మడమ దగ్గర మొగ్గలు మిగిలిపోయి ఒకటి పోయిన చోట మూడు లేస్తాయి. ముదిరిపోయిన పిలకను మాత్రం గుంటపడేలా కోసే బోన్సాయ్ కత్తెర, కాంకేవ్ కట్టర్‌తో లోపలికంటా కొరికి తీసి గాయానికి పూసే పేస్ట్ రాయండి.

ఒకే మాను ఎందుకు వద్దంటున్నానో ఇప్పుడు చెబుతాను. మీరు చెప్పిన ఫొటోలు, అదే లావుపాటి ఒంటి మాను, పొరలు పొరలుగా ఊడే బెరడు, పైన పెద్ద పసుపు కాయలు, అవి బహుశా మీ మొక్కవి కావు. అది చైనీస్ క్విన్స్, సూడోసైడోనియా సైనెన్సిస్, జపాన్‌లో కరిన్ అంటారు. అది నిజంగానే చెట్టు, ముళ్లుండవు, ఒంటి మానుగానే పెరుగుతుంది. మీది కీనోమెలిస్, జపాన్‌లో బోకె అనేది. రెండూ గులాబీ కుటుంబానివే, పేర్లు కూడా కలిసిపోతాయి, కానీ పెంపకం వేరు. తినే క్విన్స్ కాయ మూడో మొక్క, సైడోనియా, దాని గురించి రాసిన సలహాలు కూడా దీనికి నప్పవు. ఈ మూడింటినీ కలిపేసి రాసిన సలహాలు చదివి ఎంతోమంది తమ మొక్కలను పాడు చేసుకోవడం చూశాను, అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను.

గుబురుగా పెంచడం సులభమని అనను, దానికీ కన్ను కావాలి. కాండాలన్నీ ఒకే మొదట్లోంచి లేవాలి. లావులు వేర్వేరుగా ఉండాలి, లావుపాటిది ఎత్తుగా, సన్నవి పొట్టిగా ఉంటే బాగుంటుంది. ముందు నుంచి చూస్తే ఒకదాని వెనక ఒకటి దాక్కోకూడదు, ఒకదాన్నొకటి దాటుకుంటూ పోకూడదు. మీరు కొన్నప్పటి మానును పెద్ద కాండంగా ఉంచుకోండి. ఈ ఏడాది వచ్చే పిలకల్లో రెండింటిని, మొదలుకు రెండు వైపులా ఉన్నవాటిని, ఎంచుకోండి. వచ్చే ఏడు ఇంకో రెండు. అప్పుడు వయసుల తేడా దానంతటదే వస్తుంది, లావుల తేడా కూడా.

లేదు, ఒంటి మానే కావాలి అంటే, తొట్టిలో కుదరదు. నేలలోనో పెద్ద పెంపకపు తొట్టిలోనో కొన్నేళ్లు వదిలి, ఒకటి రెండు పిలకలను త్యాగపు కొమ్మలుగా ఇష్టమొచ్చినట్టు పెరగనిచ్చి, మొదలు లావయ్యాక వాటిని తీసేయాలి. అయితే పెద్ద గాయాలు ఈ మొక్కకు సరిగా మానవు. నా దగ్గర బొటనవేలంత గాయం ఒకటి తొమ్మిదేళ్లయినా పూర్తిగా మూసుకోలేదు. అందుకే త్యాగపు కొమ్మను చిటికెన వేలి లావు దాటకముందే తీసి, ఇంకో కొత్త పిలకకు ఆ పని అప్పగిస్తాను.

కొమ్మలు వంచడానికి వైరు చుట్టడం గురించి క్లుప్తంగా. పాత కొమ్మ పెళుసు, వంచితే మొదట్లో చిటుక్కుమని ఊడి వస్తుంది. సగం ముదిరిన రెమ్మను మాత్రమే వంచండి, అదీ మొదటి వంపు కాండానికి దగ్గరలోనే. ముదిరిన కొమ్మ దిశ మార్చాలంటే కత్తిరింపుతోనే మార్చుకోవాలి, సమయం పట్టినా అదే క్షేమం.

కుండీ మార్చే కాలం గురించి మీరు అడగలేదు, కానీ నా దృష్టిలో మొక్క బతకాలంటే ఇదే అన్నిటికంటే ముఖ్యం. చాలా బోన్సాయ్ మొక్కలను వసంతంలో, మొగ్గలు ఉబ్బుతున్నప్పుడు మారుస్తాం. క్విన్స్‌ను అలా మార్చకండి. దీన్ని చలి మొదలయ్యే ముందు, ఆకులు పండుబారుతున్నప్పుడు మార్చాలి. జపాన్‌లో పెంచేవాళ్లు పాటించే పద్ధతి ఇదే, కారణం క్రౌన్ గాల్ అనే వేరు బుడిపె జబ్బు. అగ్రోబ్యాక్టీరియం ట్యూమిఫేసియన్స్ అనే బ్యాక్టీరియా మట్టిలో ఉండి, వేరు కోసిన గాయం గుండా లోపలికి వెళ్తుంది. వెళ్లి తన డీఎన్‌ఏలో ఒక ముక్కను మొక్క కణాల్లో జొప్పిస్తుంది. అక్కడి నుంచి ఆ కణాలు అదుపు లేకుండా పెరిగి గరుకైన బుడిపెలు కడతాయి. ఆ మార్పు మొక్క కణాల్లోనే జరిగిపోయింది కాబట్టి తర్వాత బ్యాక్టీరియాను చంపినా బుడిపె పెరుగుతూనే ఉంటుంది, అందుకే దీనికి మందు లేదు. వాతావరణం చల్లబడుతున్నప్పుడు ఈ బ్యాక్టీరియా జోరు తగ్గుతుంది, భూమి వెచ్చబడేలోపు వేరు గాయాలు మానుకుంటాయి.

నా మొదటి మంచి క్విన్స్‌ను ఇలాగే పోగొట్టుకున్నాను. పదకొండేళ్ల మొక్క, అప్పటికి నాకు ఈ సంగతి తెలియదు, వసంతంలో వేర్లు బాగా కోసి మార్చాను. రెండేళ్ల తర్వాత మళ్లీ తీస్తే మొదలు కింద నిమ్మకాయంత బుడిపెలు నాలుగు. ఆకులు చిన్నబోతున్నాయని ఎరువు పెంచుతూ పోయానే తప్ప కింద ఏం జరుగుతోందో చూడలేదు. ఇప్పటికీ కుండీ మార్చేటప్పుడు ఆ మొక్క గుర్తొస్తుంది.

కాబట్టి ఇవి తప్పకుండా చేయండి. కత్తెరలు మొక్కకూ మొక్కకూ మధ్య స్పిరిట్‌తోనో, ఒక వంతు బ్లీచ్‌కు తొమ్మిది వంతుల నీళ్లు కలిపిన ద్రావణంతోనో తుడవండి. గులాబీలు కోసిన కత్తెరైతే మరీ జాగ్రత్త, గులాబీ, ఆపిల్ లాంటి దీని చుట్టాలకు కూడా ఇదే జబ్బు వస్తుంది. వేర్లు మూడో వంతు కంటే ఎక్కువ తీయకండి. వాడిన మట్టి మళ్లీ వాడకండి. చిన్న బుడిపె కనబడితే చుట్టూ మంచి వేరు కొంత కలిపి కోసేసి, ఆ మొక్కను మిగతావాటికి దూరంగా పెట్టండి. మొదలు చుట్టూ బుడిపెలు ఉంటే ఆశ వదులుకోవడమే. కొత్త మొక్క కొనేటప్పుడు కూడా వీలైతే మొదలు దగ్గర మట్టి కదిపి చూసి తీసుకోండి. కుండీ మార్చిన చలికాలం మాత్రం మొక్కను గడ్డకట్టే చలిగాలి తగలని చోట ఉంచాలి, కొత్త వేర్లు లేతగా ఉంటాయి. లేత మొక్కకు రెండేళ్లకోసారి, ముదిరినదానికి మూడేళ్లకోసారి చాలు.

మట్టి విషయంలో నీరు నిలవకూడదు, తేమ పోకూడదు. నేను అకడమా (జపాన్ బంకమట్టి గుళికలు) రెండు వంతులు, ప్యూమిస్ (తేలికైన అగ్నిపర్వతపు రాయి) ఒక వంతు వాడతాను. సున్నం ఎక్కువున్న మట్టిలోనూ, సున్నపు నీళ్లతోనూ ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. అది ఇనుము అందకపోవడం. చిలేటెడ్ ఐరన్, అంటే మొక్క తేలిగ్గా పీల్చుకోగల రూపంలోని ఇనుము, ఇస్తే తేరుకుంటుంది, వాన నీళ్లు పోయగలిగితే ఇంకా మంచిది.

నీళ్లు మాత్రం ఇది బాగా తాగుతుంది. ఎండ ఎక్కువున్న రోజుల్లో ఒక్క పూట మర్చిపోయినా ఆకులు మాడి రాలిపోతాయి. అదే పూమొగ్గలు కట్టే సమయం అయితే వచ్చే ఏటి పూలు కూడా పోయినట్టే. పూసి ఉన్నప్పుడు పూల మీద పడకుండా మట్టికి పోయండి, పూలు ఎక్కువ రోజులు నిలుస్తాయి.

ఎరువు పూలయ్యాక, కొత్త ఆకులు కాస్త ముదిరాక మొదలుపెట్టి ఆకులు రాలేదాకా ఇవ్వండి. నత్రజని దండిగా ఉన్న ఎరువు పొడుగు రెమ్మలనే పెంచుతుంది, పూలు కావాలంటే సేంద్రియ ఎరువు కొద్దికొద్దిగా ఇవ్వడం మేలు. ఎండ కనీసం అర పూట నేరుగా తగలాలి. పేనుబంక లేత చిగుళ్ల మీద తప్పకుండా వస్తుంది, రెండు రోజులు వరసగా నీళ్లు గట్టిగా చిమ్మితే చాలావరకు పోతుంది, దానికి టెన్షన్ పడక్కర్లేదు.

ఇంకొక అనుమానం. చలికాలంలో దీన్ని ఇంట్లో పెడుతున్నారా? ప్రశ్నలో "చలికి భయపడి" అని ఒక ముక్క రాశారు. ఇంట్లో పెడుతుంటే పూలు రాకపోవడానికి రెండో కారణం అదే కావచ్చు. క్విన్స్‌కు కొన్ని వారాల పాటు నిజమైన చలి తగలాలి, ఆకులు రాల్చి నిద్రపోవాలి, అప్పుడే మొగ్గలు సరిగా విచ్చుకుంటాయి. తొట్టిలోని వేర్లు గట్టిగా గడ్డకట్టకుండా చూస్తే చాలు, గది వెచ్చదనం మాత్రం వద్దు. చలికాలమే లేని చోట ఈ మొక్క ఆకులతో బతుకుతుంది కానీ నిండుగా పూయదు, ఎంత బాగా కత్తిరించినా సరే.

మరో మొక్క కొనే ఆలోచన ఉంటే చోజుబాయ్ రకం చూడండి. పేరులో దీర్ఘాయువు, ప్లమ్ అనే అర్థాలున్నా అది క్విన్సే. ఆకు చిన్నది, పువ్వు సుమారు 2 సెం.మీ., చిన్న వయసులోనే బెరడు గరుకుగా మారి ముసలి చెట్టులా కనబడుతుంది, పైగా ఏడాదిలో ఒకటికి రెండుసార్లు పూస్తుంది. అందుకే పైన చెప్పిన పూమొగ్గల లెక్క దానికి అంత కచ్చితంగా పట్టించుకోనక్కర్లేదు, కొంచెం ఎక్కువగా కత్తిరించినా క్షమిస్తుంది. లావెక్కడం మాత్రం ఇంకా నిదానం. తోయో నిషికి అనే రకం ఒకే మొక్క మీద తెలుపు, గులాబీ, ఎరుపు పూలు పూస్తుంది. దాన్ని పెంచేవాళ్లు పూసినప్పుడే ఏ కొమ్మ ఏ రంగో దారం కట్టి గుర్తుపెట్టుకోవాలి, లేకపోతే ఆకులు రాలాక తెలియక ఒక రంగు కొమ్మలన్నీ కోసేస్తారు. నేను ఒకసారి తెల్లవాటిని అలాగే పోగొట్టుకున్నాను, మళ్లీ రావడానికి మూడేళ్లు పట్టింది.

మీ మొక్కకు ఇప్పుడైతే ఏమీ చేయకండి. ఆకులు రాలేదాకా అలా వదిలేసి, రాలాక మొగ్గలు చూసుకుని పొడుగు రెమ్మలు మాత్రం తగ్గించండి. తొట్టిలోకి మార్చినప్పటి నుంచి అదే మట్టిలో ఉంది కాబట్టి ఆకులు పండుబారినప్పుడు కుండీ మార్చడం కూడా ఈ ఏడే పెట్టుకోండి, మొదలు కింద వేళ్లతో తడిమి బుడిపెలేమైనా ఉన్నాయేమో చూడండి. వసంతంలో పూలు తక్కువే రావొచ్చు, ఎందుకంటే ఈ ఏటి మొగ్గలు చాలావరకు కత్తెరకు పోయాయి. ఆ పై వసంతానికి వస్తాయి. పిలకల్లో ఏవి ఉంచాలో తేల్చుకోలేకపోతే మట్టి తీసిన మొదలును నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీసి చూపించండి, చూసి చెబుతాను.